పాత లాప్‌టాప్‌లో డెబియన్ 12 ఎక్కిస్తుండగా వైఫై దగ్గర ఆగిపోయింది (బ్రాడ్‌కామ్ బీసీఎం4312)

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. మా ఇంట్లో 2009లో కొన్న లాప్‌టాప్ ఒకటి ఉంది. కోర్ 2 డ్యువో ప్రాసెసర్, 3 జీబీ ర్యామ్. అందులోని పాత విండోస్ మీద బ్రౌజర్ తెరుచుకోవడం మానేసి చాలా కాలమైంది. కీబోర్డు, తెర బాగానే ఉన్నాయి కనుక దాన్ని అటక ఎక్కించడానికి మనసు ఒప్పలేదు. తెలుగు అభ్యాస పత్రాలు తయారు చేసుకోవడానికి పనికివస్తుందన్న ఆశతో విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత లినక్స్ వ్యవస్థ డెబియన్ 12 నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్‌ను (మిగతా ప్యాకేజీలను నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇన్‌స్టాలర్ ఫైలును) పెన్‌డ్రైవ్‌లో వేసి మొదలుపెట్టాను.

భాషల జాబితాలో తెలుగు కనబడగానే చాలా సంతోషించాను. నెట్‌వర్క్ పరికరాలను వెతికే అంచెకు వచ్చేసరికి మాత్రం, కొన్ని ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేవనీ, అవి ఉన్న పెన్‌డ్రైవ్ ఏదైనా ఉంటే పెట్టమనీ అడిగింది. ఆ జాబితాలో ‘బీ43/యూకోడ్15.ఎఫ్‌డబ్ల్యూ’ అనే పేరు ఉంది. లేదని చెప్పి ముందుకు వెళితే వైఫై ఊసే లేదు. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌ను ఇమేజ్‌తోపాటే ఇస్తున్నారని చదివాను. మరి ఇది ఎందుకు లేదు?

మా ఇంటికి తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ లేదు. ఉన్నదల్లా నా ఫోనులో రోజుకు 1.5 జీబీ డేటా. ఆ ఫైలు తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే ఆ ఫైలు కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది నా పరిస్థితి. తెలిసినవారొకరు చూసి, వైఫై కార్డు పోయింది, కొత్తది వేయించుకోవాలన్నారు. నిజంగా పోయిందా, లేక నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా అన్నది దయచేసి చెప్పండి.

జవాబు: బరంపురం నుంచి, కంప్యూటర్ల మరమ్మతు చేసేవారు

మేడమ్ గారూ, కార్డు పోలేదు. పూర్తిగా పోయిన కార్డును ఇన్‌స్టాలర్ గుర్తించనే గుర్తించదు. దానికి కావలసిన ఫైలు పేరు చెప్పి మరీ అడిగిందంటే, కార్డు తన ఉనికిని తెలిపినట్టే. దుకాణానికి ఇలాంటివి వచ్చినప్పుడు నేను మొదట చూసేది చిప్పు సంఖ్య. లాప్‌టాప్ పెట్టె మీదా, అడుగున అంటించిన కాగితం మీదా ఉన్న మోడల్ పేరును నమ్మవద్దు, ఎందుకంటే ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల కార్డులు వేసి అమ్మినవి ఎన్నో ఉన్నాయి.

ఇన్‌స్టాలర్ నడుస్తుండగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. ఎంటర్ నొక్కి ‘ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ ఎన్ఎన్‌కే’ అని కొట్టండి. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాము గానీ, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. నెట్‌వర్క్ కంట్రోలర్, ఈథర్నెట్ కంట్రోలర్ అన్న రెండు వరసలనూ, వాటి కింద ఉన్న డ్రైవర్ పేర్లనూ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి. మళ్లీ ఇన్‌స్టాలర్‌కు రావడానికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్5. ఆ సంఖ్య తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది చీకట్లో రాయి విసరడమే.

పర్లాకిమిడి ఉపాధ్యాయిని

మీరు చెప్పినట్టే చేశాను. ఈథర్నెట్ అన్నచోట మార్వెల్ యూకాన్ 88ఈ8040 అనీ, డ్రైవర్ స్కై2 అనీ ఉంది. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్నచోట బ్రాడ్‌కామ్ బీసీఎం4312, దాని పక్కన చదరపు బ్రాకెట్లలో 14ఈ4:4315, కింద డ్రైవర్ ‘బీ43 పీసీఐ బ్రిడ్జ్’ అని ఉంది.

జవాబు: గుణుపురం నుంచి

టీచరు గారూ, మీరిచ్చిన సంఖ్యతో చిక్కు ఎక్కడుందో తేలిపోయింది. నా పాత లాప్‌టాప్‌లోనూ ఇదే 14ఈ4:4315 ఉంది, దానితోనే ఇప్పటికీ పని చేసుకుంటున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వైఫై కార్డులో ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దానికి తనదైన ప్రోగ్రామ్ ఒకటి కావాలి, దాన్నే ఫర్మ్‌వేర్ అంటున్నాం. చాలా కార్డులు ఆ ప్రోగ్రామ్‌ను తమలో దాచుకోవు. కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ డ్రైవరే దాన్ని డిస్కు మీది నుంచి తీసి కార్డుకు అందించాలి. విండోస్‌లో అది డ్రైవర్‌తోపాటే వచ్చేసింది కనుక మనకెప్పుడూ దాని పేరు తెలియవలసిన అవసరం రాలేదు. లినక్స్‌లో డ్రైవర్ వేరు, ఫర్మ్‌వేర్ వేరు. మీ కార్డుకు బీ43 అనే డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది. తయారీదారు పత్రాలు లేకుండానే, పాత డ్రైవర్ నడకను పరిశీలించి పరిశీలించి కొందరు రాసిన డ్రైవర్ అది. 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నల్ నుంచి ఉంది, మీ చిప్పు రకానికి ఆ మరుసటి ఏడాది చివర 2.6.32లో ఆసరా దొరికింది. అంటే డ్రైవర్ వచ్చి నిలబడింది, అందించవలసిన ఫైలు మాత్రం చేతిలో లేదు.

ఫర్మ్‌వేర్‌ను ఇమేజ్‌తోపాటే ఇస్తున్నారని మీరు చదివినది నిజమే. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి అలా నిర్ణయించారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలులో ఉంది. ఇంటెల్ కార్డులకూ, రియల్‌టెక్ కార్డులకూ కావలసినవి అందుకే ఇప్పుడు అడగకుండానే దొరుకుతున్నాయి. అయితే ఇతరులు పంచిపెట్టడానికి లైసెన్సు ఒప్పుకున్న వాటినే డెబియన్ తన ఇమేజ్‌లో పెట్టగలదు. బీ43కి కావలసిన ఫైళ్లకు ఆ అనుమతి లేదు. దానికి బదులు ‘ఫర్మ్‌వేర్ బీ43 ఇన్‌స్టాలర్’ అనే ప్యాకేజీని తయారు చేశారు. అది మన కంప్యూటర్‌లోకి వచ్చాక, పాత డ్రైవర్ మూటను ఇంటర్నెట్ నుంచి దింపుకొని, అందులోంచి ఫర్మ్‌వేర్ ముక్కలను కత్తిరించి, ‘లిబ్’ కింద ‘ఫర్మ్‌వేర్’ సంచయంలో (ఫోల్డర్‌లో) ‘బీ43’ పేరుతో పెడుతుంది. కాబట్టి మీరు పెద్ద డీవీడీ ఇమేజ్ దింపుకొన్నా ఆ ఫైలు అందులో దొరకదు. ఆ శ్రమ పడవద్దు.

ఇక దారి మీ ఫోనే. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో హాట్‌స్పాట్ ఉన్నచోటే ఉండే యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేస్తే, లాప్‌టాప్ దాన్ని తీగతో వచ్చిన నెట్‌వర్క్ కార్డుగానే చూస్తుంది. దానికి కావలసిన డ్రైవర్లు డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనే ఉన్నాయి, ఏ ఫర్మ్‌వేరూ అక్కరలేదు. టెథరింగ్ ఆన్ చేశాక ఇన్‌స్టాలర్ ప్రధాన పట్టీకి వెనక్కి వచ్చి, నెట్‌వర్క్ హార్డ్‌వేర్‌ను గుర్తించే అంచెను మరోసారి నడపండి. బీ43 ఫైలు మళ్లీ అడిగితే లేదనే చెప్పండి. ఆ తరువాత వచ్చే జాబితాలో ‘యూఎస్‌బీ0’ అనో, ‘ఈఎన్ఎక్స్’ తరువాత పన్నెండు అంకెలూ అక్షరాలూ ఉన్న పొడవైన పేరో కనిపిస్తుంది. అదే మీ ఫోను, దాన్ని ఎంచుకోండి. చాలా ఫోన్లలో ఆ పేరు టెథరింగ్ ఆన్ చేసిన ప్రతిసారీ మారుతుంది, అది చూసి కంగారు పడవద్దు.

మన సరిహద్దు ఊళ్లలో మరొకటి చూసుకోవాలి. పర్లాకిమిడిలో ఫోను ఒక్కొక్కప్పుడు పాతపట్నం వైపు టవరును పట్టుకుంటుంది. అలాంటప్పుడు సిగ్నల్ నిండుగా ఉన్నా, డేటా రోమింగ్ ఆపి ఉంటే ఇంటర్నెట్ రాదు. సగం ప్యాకేజీలు దిగాక అలా ఆగిపోతే తప్పు ఇన్‌స్టాలర్‌దేమో అనిపిస్తుంది. ముందే రోమింగ్ ఆన్ చేసి, ఫోనును కిటికీ దగ్గర కదలకుండా పెట్టండి. తీగ కాస్త కదిలినా టెథరింగ్ దానంతట అదే ఆగిపోతుంది.

డేటా సంగతికి వస్తే, నాకు ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో కలిపి ఒక జీబీ దాటింది. మీ ఫోను కోటా అర్ధరాత్రి తిరిగి మొదలయ్యేదైతే, రాత్రి పదకొండు గంటలకు కూర్చోండి. ఒక రోజు కోటా మిగులూ, మరునాటి కోటా రెండూ అందుతాయి. డెస్క్‌టాప్ ఎంపిక వచ్చినప్పుడు గ్నోమ్ టిక్కు తీసేసి ఎక్స్ఎఫ్‌సీఈ ఒక్కటే ఉంచండి. 3 జీబీ ర్యామ్‌కు అదే సుఖంగా ఉంటుంది.

అంతా పూర్తయి కొత్త డెబియన్ తెరుచుకున్నాక, ఫోనును అలాగే కలిపి ఉంచి, టెర్మినల్‌లో ‘ఎస్‌యూ’ అని, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి రూట్ (అన్ని హక్కులూ ఉన్న వాడుకరి) అవ్వండి. ఆ హైఫన్ చిన్నదే అయినా ముఖ్యమైనది. అది లేకుండా రూట్ అయితే ‘మోడ్‌ప్రోబ్’ వంటి ఆదేశాలు అసలు లేవని జవాబు వస్తుంది. తరువాత ‘ఈటీసీ’లోని ‘ఏపీటీ’ సంచయంలో ఉన్న ‘సోర్సెస్.లిస్ట్’ ఫైలును నానో ఎడిటర్‌తో తెరిచి, ‘మెయిన్’ అని ఉన్న ప్రతి వరసలోనూ దాని పక్కన ‘కాంట్రిబ్’ అనే మాట చేర్చండి. మనకు కావలసిన ప్యాకేజీ ఆ విభాగంలోనే ఉంటుంది. ‘ఏపీటీ అప్‌డేట్’ చేసి, ‘ఫర్మ్‌వేర్ బీ43 ఇన్‌స్టాలర్’ను, మూడు మాటల నడుమా హైఫన్లు పెట్టి, ఏపీటీతో ఎక్కించండి. ఆ తరువాత ‘లిబ్/ఫర్మ్‌వేర్/బీ43’ తెరిచి అందులో యూకోడ్15 ఉందో లేదో కళ్లారా చూసుకోండి. దింపుకొనే సమయంలో నెట్ తెగితే, ప్యాకేజీ ఎక్కినట్టు కనబడినా ఫైళ్లు ఉండకపోవచ్చు. అప్పుడు ‘ఏపీటీ రీఇన్‌స్టాల్’ అని అదే పేరుతో మళ్లీ నడిపితే సరిపోతుంది. ఫైలు ఉందని చూసుకున్నాక ఒకసారి రీస్టార్ట్ చేయండి.

జవాబు: జయపురం నుంచి, ఇంజనీరింగ్ విద్యార్థి

మేడమ్, నమస్కారం. ఇదే కార్డుకు ‘బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డీకేఎంఎస్’ అనే ప్యాకేజీ కూడా ఉంది. దానిలో వచ్చే డ్రైవర్ పేరు డబ్ల్యూఎల్. ఫర్మ్‌వేర్‌ను విడిగా తెచ్చుకునే పని లేకుండా అన్నీ అందులోనే ఉంటాయి. మా అన్నయ్య లాప్‌టాప్‌లో అదే వేశాము, వేగం బాగుంది. బీ43తో కుదరకపోతే అది ప్రయత్నించండి.

జవాబు: రాయగడ నుంచి, పదవీ విరమణ చేసిన ఉద్యోగి

బాబూ, నువ్వు చెప్పిన డ్రైవర్ పనిచేస్తుంది, కాదనను. కానీ దాన్ని మొదటి మందుగా ఇవ్వకూడదని నా అభిప్రాయం. అది మూసి ఉన్న డ్రైవర్. తయారీదారు 2015 తరువాత కొత్త కూర్పు ఇవ్వలేదు. కెర్నల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని మన కంప్యూటర్‌లోనే మళ్లీ కట్టాలి. అందుకు కెర్నల్ హెడర్లు ఉండాలి, కట్టుబడి విఫలమైతే అప్‌డేట్ చేసిన మరునాడు వైఫై మాయమవుతుంది. ఇంట్లో వేరే నెట్ లేని టీచరమ్మ గారికి ఆ కష్టం ఎందుకు? బీ43 కెర్నల్‌తోపాటే నడుస్తుంది. ఫర్మ్‌వేర్ ఒకసారి కుదురుకుంటే దాన్ని మళ్లీ ముట్టుకోనక్కరలేదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నా దగ్గరున్న మరో పాత లాప్‌టాప్‌లో వైఫై, తీగ సాకెట్టు రెండూ బ్రాడ్‌కామ్ చిప్పులే. ఎవరో చెప్పిన మాట విని డబ్ల్యూఎల్ వేశాను. వైఫై రాకపోగా, అంతవరకూ చక్కగా పనిచేస్తున్న తీగ కూడా పోయింది. రెండు రోజులు కేబుల్ మార్చి, రౌటర్ మార్చి, చివరికి సాకెట్టులోని ఇత్తడి రేకులను భూతద్దం పెట్టి చూశాను. కారణం వేరే చోట ఉంది. డబ్ల్యూఎల్ ప్యాకేజీ వస్తూనే ‘మోడ్‌ప్రోబ్.డీ’ సంచయంలో ఒక ఫైలు రాసి, బీ43, ఎస్ఎస్‌బీ వంటి డ్రైవర్లను రానివ్వకుండా అడ్డుకుంటుంది. నా తీగ సాకెట్టు నడిచే బీ44 డ్రైవర్ ఆ ఎస్ఎస్‌బీ మీదే ఆధారపడినది. ప్యాకేజీని ‘రిమూవ్’ అంటే ఆ అడ్డు ఫైలు అలాగే మిగిలింది, ‘పర్జ్’ అన్నాకనే తొలగింది. అమ్మా, మీ తీగ చిప్పు మార్వెల్‌ది కనుక మీకు ఆ ప్రమాదం లేదు. అయినా రెండు డ్రైవర్లనూ ఒకేసారి మాత్రం ఉంచకండి.

పర్లాకిమిడి ఉపాధ్యాయిని

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పదకొండుకు కూర్చున్నాను. మొదట ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ మీట వెలగనే లేదు, బూడిద రంగులోనే ఉండిపోయింది. ఫోను చార్జ్ అవుతోంది కనుక తీగ మంచిదే అనుకున్నాను. గంటసేపు వెతికాక, ఫోనుతో వచ్చిన అసలు తీగ బీరువాలో దొరికింది. అది పెట్టగానే మీట వెలిగింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బయటికి ఏ తేడా లేదు, మొదటి తీగ కొంచెం సన్నగా ఉంది అంతే.

తరువాత అంతా గుణుపురం వారు రాసినట్టే జరిగింది. తెల్లవారుజామున యూకోడ్15 ఫైలు కనబడింది, రీస్టార్ట్ చేశాను. అయినా వైఫై జాబితా ఖాళీగా ఉంది. ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ చూస్తే ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యెస్’ అని వచ్చింది, అంటే లాప్‌టాప్ మీది మీటతో వైఫై ఆపి ఉందన్నమాట. లాప్‌టాప్ చుట్టూ వేలితో తడిమితే, ముందు అంచున గోరుకు మాత్రమే అందేంత చిన్న మీట ఒకటి తగిలింది. దాన్ని పక్కకు జరపగానే నీలి దీపం వెలిగి, పక్కింటివారి నెట్‌వర్క్ పేరు తెర మీదికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆ మీట అక్కడ ఉందని నాకు తెలియదు.

ఒక్కటే మిగిలింది. పక్కింటివారి పేరు కనబడుతోంది గానీ నా ఫోను హాట్‌స్పాట్ పేరు కనబడడం లేదు. తీగతో అయితే అదే ఫోను బాగా పనిచేస్తోంది.

జవాబు: బరంపురం నుంచి

మేడమ్ గారూ, మొదటి తీగలో కరెంటు తీగలు మాత్రమే ఉండి, డేటా తీగలు లేవు. అలాంటివి చార్జింగ్‌కు తప్ప దేనికీ రావు. దానికి ఒక ముడి వేసి వేరుగా పెట్టుకోండి, మళ్లీ కలిసిపోకుండా ఉంటుంది.

మీ కార్డు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వినగలదు. మీ ఫోను హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తూ ఉండాలి, అందుకే కనబడడం లేదు. హాట్‌స్పాట్ సెట్టింగులలో బ్యాండ్ అన్నచోట 2.4 ఎంచుకోండి, భద్రత అన్నచోట డబ్ల్యూపీఏ2 ఉంచండి. ఈ కార్డు గరిష్ఠ వేగం 54 ఎంబీపీఎస్, అదీ కాగితం మీది లెక్క. మీ పనికి అది చాలు.

ఎప్పుడైనా ఈ కార్డు నిజంగానే పాడైతే కంగారు పడి ఏదో ఒకటి కొనవద్దు. ఏఆర్9271 చిప్పు ఉన్న యూఎస్‌బీ వైఫై ముక్క దొరికితే అది తీసుకోండి. దాని ఫర్మ్‌వేర్ సోర్సుతో సహా బహిరంగంగా ఉంది, డెబియన్ మెయిన్ విభాగంలోనే దొరుకుతుంది. లోపలి కార్డే మార్చాలనుకుంటే ఏఆర్9285 వంటి అథెరోస్ కార్డుకు ఏటీహెచ్9కే డ్రైవర్ చాలు, ఫర్మ్‌వేర్ ఫైలే అక్కరలేదు. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్ (కంప్యూటర్‌ను మొదట నిద్రలేపే ప్రోగ్రామ్) తనకు తెలిసిన కార్డులను తప్ప ఒప్పుకోదు కనుక, మార్చే ముందు మీ మోడల్‌లో ఎవరైనా అలా మార్చారేమో కనుక్కోవాలి. విప్పినప్పుడు కార్డుకు తగిలించి ఉన్న నల్ల తీగ, తెల్ల తీగ యాంటెనాలవి. వాటిని తీగ పట్టుకుని లాగకుండా, చివరనున్న గుండ్రటి ఇత్తడి మూతను గోరుతో నిలువుగా పైకి లేపాలి.

పర్లాకిమిడి ఉపాధ్యాయిని

2.4కు మార్చగానే హాట్‌స్పాట్ పేరు వచ్చింది, కలిసింది. ఈ జవాబును ఆ లాప్‌టాప్ నుంచే, తీగ లేకుండా, తెలుగులో టైపు చేసి పంపుతున్నాను. ‘ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా’ ప్యాకేజీలో పోతన, వేమన ఫాంట్లు కూడా దొరికాయి. రేపటి అభ్యాస పత్రం పోతనలో పెట్టాను.

జవాబు: గుణుపురం నుంచి

చాలా సంతోషం, టీచరు గారూ. ఒక చిన్న పని మాత్రం ఈ రోజే చేయండి. ఆ ‘లిబ్/ఫర్మ్‌వేర్/బీ43’ సంచయాన్ని యథాతథంగా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. రేపు మళ్లీ మొదటి నుంచి ఎక్కించవలసి వచ్చినా, కొత్త డెబియన్‌లో దాన్ని అదే చోట పెట్టి రీస్టార్ట్ చేస్తే వైఫై వచ్చేస్తుంది, ఫైలు కోసం ఫోను తీగ వెతకనక్కరలేదు. మీ ప్రాసెసర్ 64 బిట్లది కనుక 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు కూడా తరువాత తీరికగా మారవచ్చు. 32 బిట్ల పీసీలకు డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. మీ పాఠశాలలో అలాంటివి ఏవైనా ఉంటే వాటిని 12లోనే ఉంచండి.